ఉప్పుదొర కూతురి కోసం భావనపాడు దాకా

నేను ధైర్యవంతుణ్ణి కాను. ఈ సంగతి మొదటే చెప్పేస్తే చదివేవారికి ముందుముందు ఆశ్చర్యం ఉండదు. విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయని తెలిసిన మర్నాడే విజయనగరంలో ఇంటికి తాళం వేసి, భార్యనీ కూతురినీ వెంటబెట్టుకుని గజపతినగరంలో మామగారింటికి చేరినవాణ్ణి. నా దగ్గర ఫిడేలు నేర్చుకునే పిల్లలకి కబురైనా చెప్పలేదు. అలాంటివాణ్ణి, అదే వేసవిలో, జనమంతా సముద్రానికి దూరంగా పరిగెడుతూ ఉంటే, సముద్రం వైపు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో, అక్కడ ఏం చూశానో, నేను ఏం చేశానో దాచకుండా రాస్తున్నాను.

గజపతినగరం

మామగారిది బెల్లం, నూనెల కొట్టు. ఆ నెల్లో కొట్టు ముందు ఎప్పుడు చూసినా బళ్ళే. విశాఖ నుంచి, భీమిలి నుంచి వచ్చినవాళ్ళు పరుపు చుట్టలతో, పావురాల గూళ్ళతో సహా దిగుతున్నారు. పశువుల కొట్టానికి కూడా అద్దె పలుకుతోంది. జపానువాళ్ళు రంగూన్ పట్టుకోవడంతో రంగం బియ్యం రావడం ఆగిపోయి, నూకలు కూడా బియ్యం ధరకి అమ్ముతున్నారు.

అలాంటి రోజున నా పేర ఒక ఉత్తరం వచ్చింది. గుండ్రటి తెలుగు అక్షరాలు. కింద సంతకం మాత్రం ఇంగ్లీషులో, ఎలెన్ అని. ఊళ్ళో అందరికీ ఆవిడ ఎల్లమ్మ. మా నాన్న నౌపడ ఉప్పు కచేరీలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో అక్కడి దొర కూతురు ఆవిడ. నాకు ఏడో ఏట ఫిడేలు కమాను పట్టుకోవడం నేర్పిన మనిషి. దొర పోయాక ఆవిడ సీమకి వెళ్ళలేదు. భావనపాడు ఒడ్డున తను పుట్టిన చిన్న పెంకుటింట్లోనే ఉండిపోయింది.

ఉత్తరంలో నాలుగే వాక్యాలు. "మా నాన్న పాటల పుస్తకం నా దగ్గరుంది. నేను పోతే చెదలు తింటాయి. వచ్చి తీసుకెళ్ళు. భయమైతే రావద్దు."

ఆ చివరి వాక్యం లేకపోతే వెళ్ళి ఉండేవాణ్ణి కాదేమో. నా భార్య సుభద్ర ఉత్తరం చదివి, "మీరు వెళ్ళరు, నాకు తెలుసు," అంది. తిట్టడానికి కాదు, నిశ్చింతగా అంది. అదే నన్ను కదిలించింది. మర్నాడు పొద్దున్నే మినపరొట్టె మూట కట్టించుకుని, ఫిడేలు పెట్టె భుజాన వేసుకుని బయల్దేరాను.

రైల్లో

విజయనగరంలో బండి మారాను. విమానాలకి వెలుగు కనబడకుండా పెట్టెల్లో దీపాలకి నీలం కాగితాలు అతికించారు. మా వైపు వచ్చే బళ్ళు కిక్కిరిసి ఉంటే, నేనెక్కిన బండి సగం ఖాళీ. ఖాళీ రైలుపెట్టె అంత భయపెడుతుందని నాకు అంతకు ముందు తెలియదు.

ఎదటి బల్ల మీద ఒక మనిషి. పాదాలకి గోనెగుడ్డ చుట్టుకున్నాడు. పేరు అప్పన్న. రంగంలో ఓడల మీద మూటలు మోసేవాడట. అడవులమ్మట, కొండలమ్మట నడిచి దేశానికి వచ్చాడు. రొట్టె ముక్క ఇస్తే వెంటనే తినకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంటికాడ ఎవరున్నారు?" అని అడిగాను.

"అమ్మున్నాది బాబూ. ఇద్దరు కొడుకులం ఎల్లినాం. తమ్ముడేడీ అని అడుగుతాది."

తమ్ముడి సంగతి అతనే చెప్పాడు. "ఆడికి జొరం. సెట్టు కింద కూకోబెట్టి, నీల్లు తెస్తానురా అని సెప్పి ఎల్లినాను. నీల్లు దొరికినాయి. తాగినాను. అటూ ఇటూ జనాలు పరిగెడతన్నారు. ఎనక్కి ఎల్లలేదు బాబూ."

చెప్పి, అప్పుడు రొట్టె తిన్నాడు. నేను నా కాళ్ళు మెల్లగా వెనక్కి లాక్కున్నాను. అతని గుడ్డపాదాలకి నా పాదాలు తగులుతాయని కాదు. ఆ చెట్టు కింద నేనైతే ఏం చేసేవాణ్ణో నాకు వెంటనే తెలిసిపోయింది.

నౌపడ

నౌపడ జంక్షన్లో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చిన్నప్పుడు చూసినట్టే ఉంది. ప్లాటుఫారం దాటితే చాలు, కనుచూపు మేర ఉప్పుమళ్ళు, తాటాకులు కప్పిన తెల్లని కుప్పలు, కళ్ళు తెరవనివ్వని వెలుగు. ముంజలు కాణీకి నాలుగు. విజయనగరంలో రెండు ఇస్తే గొప్ప. ముంజ నోట్లో పెట్టుకోబోతూ ఉండగా వెనక నుంచి ఎవరో నా భుజం పట్టారు.

హెడ్డు కానిస్టేబులు. అతని వెనక పదిమంది జనం, చేతుల్లో కర్రలు.

"ఏటది?"

"ఫిడేలు."

"ఫిడేలేటి! అందరూ ఊరొదిలి అటెల్లిపోతంటే నువ్విటెందుకొచ్చినావు? వైర్‌లెస్సు కాదేటి?"

"వైర్‌లెస్సే! జపానోడికి కబుర్లెడతాడు," అని ఎవరో అన్నారు. ఆ మాటకి జనం ఒక అడుగు ముందుకొచ్చింది. ముంజ చేతిలోనే నలిగిపోయింది. పెట్టె తెరిచాను. తీగలు చూసి వాళ్ళకి అనుమానం ఇంకా పెరిగింది.

"అయితే వాయించు," అన్నాడు హెడ్డు.

ఇరవయ్యేళ్ళుగా సభల్లో వాయిస్తున్నాను. ఆ పూట ఒక్క వర్ణం గుర్తురాలేదు. ఒక్క రాగం పేరు గుర్తురాలేదు. వేళ్ళు వాటంతటవే ఏడో ఏట నేర్చుకున్న పాటకి వెళ్ళిపోయాయి. గుండ్రంగా తిరిగే పాట, ఎక్కడ ఆపాలో తెలియదు, గంతులేసుకుంటూ మొదటికే వస్తుంది. సగం స్వరాలు బొంగురుపోయాయి.

మడిలో ఉప్పు లాగుతున్న ఆడవాళ్ళు తలెత్తారు. ఒకావిడ గట్టు మీదికొచ్చి, లాగుడుపార నేలకానించి, గట్టిగా పాడటం మొదలుపెట్టింది. "లాగే పిల్లా లాగే, తెల్లని రాసి లాగే." మిగతావాళ్ళు అందుకున్నారు. నా ఫిడేలు, వాళ్ళ పాట, ఒకటే వరస.

"ఒదిలీండి బావా," అంది ఆవిడ హెడ్డుతో. "ఇది ఎల్లమ్మ తల్లి పాట. ఆ తల్లికాడికే ఎల్తన్నాడు."

ఆవిడ పేరు నరసమ్మ. ఆవిడ తాతల నాటి నుంచీ ఉప్పు లాగేటప్పుడు ఆ పాటే పాడతారట. దొర సాయంత్రంపూట గట్టు మీద నిలబడి వాయిస్తూ ఉంటే విని, మాటలు వీళ్ళే కట్టుకున్నారు. మా విజయనగరంలో వాయించేవాడు అరుగు మీద, వినేవాళ్ళు చాప మీద. ఇక్కడ పని ఆగదు, పాటా ఆగదు. అంత భయంలోనూ నాకది కొత్తగా తోచింది.

భావనపాడు

నరసమ్మ గట్లమ్మట దారి చూపించింది. సరుగుడు తోట దాటగానే సముద్రం. తెప్పలన్నీ ఒడ్డుకి లాగి బోర్లించారు. బెస్తవాళ్ళు వేటకి వెళ్ళడం మానేసి పదిరోజులైందట. సముద్రం వైపు వీపు పెట్టి కూర్చున్న బెస్తవాళ్ళని నేను అక్కడే చూశాను.

ఎల్లమ్మగారు వసారాలో ఉన్నారు. డెబ్భై దాటాయి. పొందూరు బట్టతో కుట్టిన గౌను, ఎండకి ఇటికరంగు తిరిగిన మొహం. నన్ను చూసి, "ఒరే సూరీ! భయపడతా వొచ్చినావా?" అన్నారు.

"అవునమ్మా."

"మంచిది. నానూ భయపడతానే ఉన్నాను."

లోపల మంచం మీద ఆవిడ ఈడు ముసలమ్మ పడుకుని ఉంది. పేరు పెంటమ్మ. చిన్నప్పుడు ఎల్లమ్మగారిని ఎత్తుకు తిప్పిన దాయి కూతురు. ఇద్దరూ ఒకే తల్లి పాలు తాగి పెరిగారు. కిందటేడు జారిపడి తుంటి విరిగింది. అప్పట్నుంచీ లేవలేదు.

తాసిల్దారు మనిషి వచ్చి, దొరసానులంతా కొండల మీదికి పోవాలని చెప్పి వెళ్ళాడట. పెంటమ్మ మాట ఆ హుకుంలో లేదు.

"నువ్వు పోయే ఎల్లీ," అంది మంచం మీంచి పెంటమ్మ. "నన్నెవడేటి సేస్తాడు? సగం సచ్చినదాన్ని."

"ఊరుకోయే," అన్నారు ఎల్లమ్మగారు.

ఆ సాయంత్రం రొట్టె చేశారు. చోడిపిండిలో, అదే రాగిపిండిలో, చిటికెడు సోడా, పుల్లటి మజ్జిగ వేసి కలిపి, మందంగా తట్టి, కత్తితో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత పెట్టి పెనం మీద వేశారు. ఇది వాళ్ళ దేశపు రొట్టె. అక్కడ గోధుమ, ఇక్కడ చోళ్ళు, అంతే తేడా. ఊళ్ళో బెస్త ఇళ్ళల్లోనూ దీన్నే చేస్తారు, నాలుగుముక్కల రొట్టె అంటారు. ఆ గీతలు ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. వాళ్ళ దేవుడి గుర్తని ఎల్లమ్మగారు ఎవరికీ చెప్పలేదట. ఎండుచేప కాల్చి నంజుకుంటారు. నేను చేప తినను కనక ఉల్లిపాయతో తిన్నాను. రుచి బాగుంది, కొంచెం గొంతు పడుతుంది.

తిన్నాక పాటల పుస్తకం తెచ్చారు. తోలు అట్ట, సిరా గోధుమరంగుకి మారిపోయింది. స్వరాలన్నీ వాళ్ళ పద్ధతిలో గీతల మీద ఉన్నాయి. పుట తిప్పుతూ తమవాళ్ళ కథ చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తాను.

"మా పెద్దోళ్ళు స్కాట్లండోళ్ళు. బీదోళ్ళు. సముద్రానికవతల ఐర్లాండులో భూములిస్తాను, పొండని రాజు సెప్పినాడు. వోడెక్కి పోనారు. ఆ భూమి కాళీ కాదురా సూరీ. దాన్ని దున్నుకున్నోళ్ళుండీవోరు. ఆళ్ళని గెంటీసి ఈళ్ళకిచ్చినాడు."

"మరి వాళ్ళు ఊరుకున్నారా?"

"ఎందుకూరుకుంటారు? ఒకపాలి ఈళ్ళు సంపినారు, ఒకపాలి ఆళ్ళు సంపినారు. తలుపుకి అడ్డకర్ర యేసుకుని తొంగున్నారు మావోళ్ళు. తరాలు అలాగే. మళ్ళీ శిస్తులు పెంచినారు, మీ గుడి సరైంది కాదన్నారు. అప్పుడు మళ్ళీ వోడలు. సానామంది అమెరికా పోనారు, కొండల్లోకి. ఈ ఫిడేలు పాటలు, సారా కాయడం, ఎవరి మాటా ఇనని మొండితనం, ఇవే పట్టుకెల్లినారు. అక్కడా అంతే, ఇంకోళ్ళ భూమే. అక్కడా అడ్డకర్రే."

తన తాతగారు మాత్రం అమెరికా ఓడ ఎక్కకుండా పల్టనులో చేరి, చికాకోలు, అంటే శ్రీకాకుళం, దండులోకి వచ్చారన్నారు. ఆయన భార్య తన దేశంలో అవిసెనార వడికిన మనిషి. ఇక్కడ అవిసెనార లేక, పొందూరు ఆడవాళ్ళ పక్కన కూర్చుని పత్తి వడకడం నేర్చుకుందట. చేప దవడతో పత్తి దువ్వడం చూసి మొదట్లో భయపడి ఏడ్చిందట.

ఎల్లమ్మగారివాళ్ళలో ఎవరైనా పోతే గుండెల మీద పళ్ళెంలో ఉప్పు పోసి పెడతారు. నౌపడ ఉప్పుకొఠారుల్లో పనిచేసేవాళ్ళల్లో కొందరికి ఇప్పటికీ ఆ అలవాటు ఉంది. మన వైపు బియ్యం పోస్తారు కదా, ఇక్కడ ఉప్పేమిటి అని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది.

"నానెప్పుడూ ఆ దేశం సూళ్ళేదు," అన్నారు ఆవిడ. "స్కాట్లండోడు మమ్మల్ని ఐరిషోళ్ళంటాడు. ఐరిషోడు స్కాచోళ్ళంటాడు. ఇక్కడ దొరలందరూ ఒకటే. ఒకటి మాత్రం మా ఇంట్లో అందరికీ తెలుసు. వోడెక్కిన ప్రతోడూ రేవులో ఎవర్నో ఒకర్ని ఒదిలీసి ఎక్కినాడు. ముసిలి తల్లినో, కుంటి సెల్లెల్నో. నడవలేనోళ్ళని."

మంచం మీద పెంటమ్మ అటు తిరిగి పడుకుంది.

సరుగుడు తోట

మర్నాడు పదకొండు గంటల వేళ వసారాలో కూర్చుని పుస్తకంలోని పాటలు మన స్వరాల్లోకి రాసుకుంటున్నాను. ఒడ్డున కేక వినిపించింది. తలెత్తితే సముద్రం, ఆకాశం కలిసేచోట పొగ. ఒక గీత, పక్కనే ఇంకో గీత.

"వోడలు! జపానోళ్ళ వోడలు!"

తరవాత జరిగింది రాయడానికి నాకు మనసు రావడం లేదు. ఊరు ఊరంతా లేచింది. కోళ్ళని గంపల కింద నుంచి తీసి చంకన పెట్టుకున్నవాళ్ళు, కుండలెత్తుకున్నవాళ్ళు. ఎవరో మేకని భుజాన వేసుకుని నా ముందు నుంచి పరిగెత్తాడు. ఎల్లమ్మగారు లోపల పెంటమ్మకి నీళ్ళు పోస్తున్నారు. ఆ చప్పుడు నాకు వినిపిస్తోంది. ఒక్క పిలుపు పిలిస్తే పలుకుతారు. నేను పిలవలేదు. ఫిడేలు పెట్టెలో పెట్టాను. పుస్తకం పెట్టాను. మూత కొక్కెం కూడా వేశాను. అప్పుడు పరిగెత్తాను.

సరుగుడు తోట ఎలా దాటానో తెలియదు. ఉప్పుమళ్ళ గట్టు మీదికి వచ్చేసరికి ఊపిరి అందడం లేదు. ఎదురుగా నరసమ్మ వస్తోంది, ఊళ్ళోవాళ్ళ కోసం చూస్తూ.

"ఎల్లమ్మ తల్లేదీ?" అంది.

"వెనకాల వస్తున్నారు."

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట!

"అయితే నానిక్కడాగుతాను. సెయ్యి పట్టుకుని తీస్కొస్తాను. నువ్వు పో బాబూ," అని గట్టు మీద కూర్చుంది. జనమంతా ఆవిణ్ణి దాటుకుని పరిగెడుతున్నారు. ఆవిడ మాత్రం సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

నేను ఓ ఇరవై అడుగులు వేశాను. వెనక్కి తిరిగాను. కూర్చునే ఉంది. ఇంకో పది అడుగులు. ఆ మనిషి అక్కడ కూర్చున్నది నా అబద్ధం మీద. రాని మనిషి కోసం అక్కడే ఉండిపోతుంది. కాళ్ళు ఇంక కదలలేదు. ధైర్యం వచ్చిందని అనుకోకండి. భయం తగ్గలేదు. ముందుకి వెళ్ళడం కూడా భయమైపోయింది, అంతే.

వెనక్కి వచ్చి చెప్పాను. "రావడం లేదు నరసమ్మా. నేను చెప్పకుండా వచ్చేశాను."

ఆవిడ నా మొహం చూసింది. భుజాన ఉన్న పెట్టె చూసింది. లేచి సముద్రం వైపు నడిచింది. నేను ఆవిడ వెనకాల నడిచాను.

ఇల్లు చేరేసరికి పొగ గీతలు ఉత్తరాన మబ్బులో కలిసిపోయాయి. అవి ఎవరి ఓడలో ఇప్పటికీ తెలియదు. ఎల్లమ్మగారు గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. పక్కన తలుపు అడ్డకర్ర, తలుపుకి వెయ్యకుండా గోడకి ఆనించి ఉంది.

నన్ను చూసి, "పుస్తకం జాగర్తగా ఉన్నాదా?" అని అడిగారు.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగారు. నేను మెట్టు మీద కూలబడి ఏడ్చాను.

ఆవిడ అన్నారు. "మా తాత కూడా పెట్టె మోసుకునే వోడెక్కినాడురా. ఆళ్ళమ్మ రేవులో నిలబడిందంట. ఆయనెప్పుడూ ఎనక్కి రాలేదు. నువ్వొచ్చినావు కదా. లే, నీల్లు తాగు."

మళ్ళీ నౌపడ

నాతో గజపతినగరం వచ్చేయాలని ఆ రాత్రే నిర్ణయమైంది. పెంటమ్మ వస్తే ఎల్లమ్మగారు వస్తారు. పెంటమ్మ నడవలేదు. బండివాళ్ళెవరూ ఊళ్ళో లేరు. తెల్లవారగానే నరసమ్మ ఒక పాతవల తెచ్చి నాలుగు మడతలు వేసి, వెదురు బొంగుకి ఉయ్యాలలా కట్టింది. ముందు నరసమ్మ, వెనక నేను. భుజాల మీద బరువు మోయడం నాకు అదే మొదటిసారి. కోసు దూరం నడిచేసరికి భుజం తోలు ఊడింది. ఎల్లమ్మగారు పక్కన నడుస్తూ పెంటమ్మ మొహానికి తాటాకు అడ్డం పట్టారు. దారి పొడుగునా పెంటమ్మ నన్ను తిడుతూనే ఉంది. "ఎగరీకు బాబూ. ఉప్పుమూట కాదు, మనిసిని. నడుం ఇరిగిపోతాది."

స్టేషనులో రైల్వే ఉద్యోగి ఒకాయన దొరసానిని చూసి గబగబా వచ్చాడు. పైతరగతి పెట్టెలో చోటుందన్నాడు. "బెస్త ముసలమ్మకి అందులో వీలుకాదు. బొత్తిగా మంచం మీద మనిషి, మూడోతరగతిలోనూ కష్టమే. ఇక్కడ ఎవరికైనా అప్పగించి వెళ్ళండి."

మామూలుగా టోపీ పెట్టుకున్న మనిషి మాట్లాడితే నేను తలూపుతాను. ఆ పూట మూడోతరగతి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ముసలమ్మ ఎక్కేదాకా ఈ తలుపు వెయ్యనివ్వను," అన్నాను. ఆయన తోస్తే పడిపోయేవాణ్ణే. తొయ్యలేదు. గార్డు పచ్చజెండా పట్టుకుని విసుక్కుంటూ ఉండగా నరసమ్మ, ఎల్లమ్మగారు కలిసి వలతో సహా పెంటమ్మని లోపలికి లాగారు. నరసమ్మ దిగిపోయింది. రమ్మంటే, "ఉప్పెవరు లాగుతారు?" అంది.

చికాకోలు రోడ్డు

రైలు కదలగానే పెంటమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆవిడ రైలెక్కడం అదే మొదటిసారి. ఎల్లమ్మగారి చెయ్యి వదల్లేదు. చికాకోలు రోడ్డు స్టేషన్లో ఇద్దరు పోలీసులు పెట్టెలన్నీ సోదా చేస్తూ మా దాంట్లోకి ఎక్కారు. మూడోతరగతిలో కింద కూర్చున్న తెల్లావిణ్ణి చూసి ఆగిపోయారు. కాగితాలు అడిగారు. ఎల్లమ్మగారి దగ్గర ఏమీ లేవు. ఇద్దరిలో పెద్దవాడికి ఇంగ్లీషు వచ్చు. ఏ దేశమని అడిగాడు.

ఎల్లమ్మగారు నోరు తెరిచి, ఏం చెప్పాలో తోచక నా వైపు చూశారు. అంత పెద్దావిడ కళ్ళల్లో అలాంటి బెదురు నేను అంతవరకూ చూడలేదు.

పెంటమ్మ కళ్ళు తెరిచింది.

"దేశమేటి బాబూ? మా యెల్లి. బావనపాడు. నాను పుట్టిన ఆరు దినాలకి పుట్టినాది, ఆ ఇంట్లోనే. ఇంకేటి కావాలి నీకు?"

పోలీసు తన పుస్తకంలో రాసుకున్నాడు. నేను పక్కనుంచి తొంగిచూశాను. 'భావనపాడు ముసలమ్మలు, ఇద్దరు' అని రాశాడు.